వెనక బెంచీకి వినపడుతోందా?

ఇంట్లోనే కూర్చుని పాటో మాటో రికార్డు చేసుకుందామనుకునేవాళ్ళు వారానికొకరైనా పంజగుట్టలోని నా చిన్న రికార్డింగు గదికి వస్తుంటారు. "ఏ మైకు కొనమంటారు మేడమ్?" అని అడుగుతారు. అడగడం పేరుకే. అప్పటికే ఎక్కడో ఒక వీడియో చూసి, అన్నిటికన్నా ఖరీదైన మైకు మీద మనసు పారేసుకుని ఉంటారు. నేను ఊఁ అంటే చాలు వాళ్ళకి. నాకేమో ఒళ్ళు మండుతుంది.

మొన్న వచ్చిన అమ్మాయీ అంతే. కథలు చదివి వినిపిస్తుందట. ఫోన్‌లో బొమ్మ చూపించి, "ఇది మంచిదే కదా మేడమ్?" అంది.

"డెమో విన్నావా?"

"అంటే?"

"అంటే నీ గొంతుతో, నీ గదిలో, నీ ఫ్యాను కింద కూర్చుని విన్నావా అని. వంకాయలైనా నొక్కి చూసి కొంటామే, మైకుని బొమ్మ చూసి కొంటావా?"

అనేశాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా సార్‌ది. మాటే కాదు, ఆ విసుగు కూడా ఆయనదే. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. అయినా ఇంకా నా నోట్లోంచి ఎవరో ఒకరిని కసురుతూనే ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్ళకి ఊళ్ళు అమీర్‌పేటలో దిగిన రోజులవి. మా సార్ అక్కడ, మైత్రీవనం పక్క గల్లీలో, మూడో అంతస్తులో జావా ప్రోగ్రామింగ్ చెప్పేవారు. ఆ రోజుల్లో అక్కడో ఆచారం ఉండేది. ఏ కోర్సుకైనా మొదటి రెండు మూడు క్లాసులు ఊరికే చెప్పాలి. దాన్ని డెమో అనేవాళ్ళు. పిల్లలు పొద్దున ఒకరి డెమో, సాయంత్రం ఇంకొకరి డెమో విని, ఎవరు నచ్చితే వాళ్ళ దగ్గర చేరేవారు. మా సార్ డెమోకి కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూడా కూర్చునేవారు. ఏళ్ళ తరబడి డెమోలు ఇచ్చీ ఇచ్చీ అది ఆయన రక్తంలో కలిసిపోయింది. ప్రపంచంలో ఎవరైనా సరే, ఏదైనా సరే, తనకి ముందు డెమో ఇచ్చి తీరాల్సిందేనని ఆయన నమ్మకం. చెప్పులు కొనాలంటే వేసుకుని షాపు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసేవారు. కర్రీ పాయింట్‌కి వెళ్తే పప్పుచారు అరచేతిలో పోయించుకుని, కళ్ళు మూసుకుని రుచి చూసి, "ఈ రోజు చింతపండు సిలబస్ దాటిపోయిందండీ" అని వంకాయకూర కట్టించుకునేవారు. ఆ కర్రీ పాయింట్ అతను ఆయన్ని చూడగానే గరిటె తుడిచి సిద్ధంగా పెట్టుకునేవాడు.

క్లాసులోకి వచ్చే తీరు కూడా అందరికీ నోటికొచ్చేసింది. తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచేవారు. కుడి చొక్కా చెయ్యి మాత్రం మోచేతి దాకా మడిచేవారు, ఎడమది ఎందుకు మడవరో ఎవరూ అడగలేదు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, హాలు చివరికంటా చూస్తూ, "వెనక బెంచీకి వినపడుతోందా?" అని అడిగేవారు. "వినపడుతోంది సార్!" అని వెనక నుంచి కేక వస్తేనే పాఠం మొదలు. కేకలో ఊపు లేకపోతే మళ్ళీ అడిగేవారు. ఆలస్యమైన వాళ్ళం ఆ మాట వినపడగానే మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాళ్ళం.

అంత హాల్లో మైకు లేకుండా చెప్పేవారాయన. ఇన్‌స్టిట్యూట్ ఓనరు మైకు పెట్టిస్తానంటే ఒప్పుకోలేదు. "మైకుంటే పై అంతస్తులో పాఠం చెప్పేవాడి గొంతూ నా గొంతూ ఒకటే అయిపోతాయండీ" అన్నారట. గొంతు చూసుకుని అంత గర్వం. గర్వపడాల్సిన గొంతే, కాదనను. గల్లీలో చాయ్ తాగుతున్నవాడికి కూడా జావా వచ్చేసేది.

మమ్మల్నెవర్నీ పేర్లతో పిలిచేవారు కాదు. ఎవరి ఊరు వాళ్ళ పేరు. "ఏవోయ్ జగిత్యాలా, నువ్వు చెప్పు." "తెనాలీ, నిద్రపోకు." నన్ను "ఏమ్మా బల్కంపేటా" అనేవారు. మొదటి రోజే మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే, "మా బాపుకు మైక్‌సెట్టు ఉన్నది సార్. బోనాలకు బల్కంపేట మొత్తం మేమే కడ్తం" అని గొప్పగా చెప్పాను. ఎల్లమ్మ గుడి చుట్టూ స్తంభాలకి వైర్లు లాగుతూ పెరిగినదాన్ని. ఆ మాట ఆయన మనసులో పెట్టుకున్నారని నాకప్పుడు తెలీదు.

మా బ్యాచ్ సగంలో ఉండగా ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలన్నారు, కరక్కాయన్నారు, తగ్గలేదు. ఒకరోజు "వెనక బెంచీకి" అని, తర్వాత మాట రాక అలాగే నిలబడిపోయారు. సోమాజిగూడలో డాక్టరుకి చూపించుకుంటే, అరిచీ అరిచీ గొంతులో కాయలు కాశాయని, చిన్న ఆపరేషన్ చెయ్యాలని, తర్వాత నెలరోజులు పెదవి విప్పకూడదని చెప్పారు. ఆపరేషన్ దాకా మెల్లగా మాట్లాడవచ్చు, అరిస్తే మాత్రం గొంతు మీద ఆశ వదులుకోవడమేనట.

అమీర్‌పేటలో ఫ్యాకల్టీలు బ్యాచ్‌ని మధ్యలో వదిలేసి పక్క బిల్డింగ్‌కి మారిపోవడం మామూలే. మా సార్‌కి అదంటే అసహ్యం. సగం చెప్పి వదిలేసినవాణ్ణి ఆయన మనిషి కింద లెక్కేసేవారు కాదు. ఇప్పుడు ఆ పని ఆయనే చేయాల్సి వచ్చేలా ఉంది. మిగతా సగం పాఠం ఎలా చెప్పాలి? ఇంకొకరి చేత చెప్పిద్దామని ఓనరు అంటే, "నా బ్యాచ్ నేనే ముగిస్తాను" అన్నారు.

మర్నాడు నన్ను పక్కకి పిలిచారు.

"ఏమ్మా బల్కంపేటా, మీది మైక్‌సెట్టు కదూ? మా ఇంట్లో రికార్డింగు పెట్టాలి. మిగిలిన పాఠాలన్నీ నెమ్మదిగా చెప్పి సీడీల్లోకి ఎక్కించేస్తాను. నేను నోరు మూసుకున్న నెలరోజులూ క్లాసులో అవే వేస్తారు."

నేను పొంగిపోయాను. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి సార్! గల్లీ గల్లీకి వినపడేటట్టు పెడ్త."

"గల్లీకి వద్దు తల్లీ. ఒక్క కంప్యూటర్‌కి వినపడితే చాలు."

ఆ రెండిటికీ ఎంత తేడా ఉందో నాకప్పటికి తెలీదు. తెలియనంత మాత్రాన తగ్గేదాన్నా నేను!

పంజగుట్ట చౌరస్తా దగ్గరున్న మ్యూజిక్ షాపుకి వెళ్ళాం. షాపాయన ఒక మెరిసే మైకుని పట్టుగుడ్డలోంచి తీశాడు. "సార్, గిది పెద్ద పెద్ద స్టూడియోలల్ల వాడుతరు. మస్తు క్లియర్ ఉంటది. సూది పడ్డా దీన్ల రికార్డయితది."

"డెమో ఇవ్వండి" అన్నారు సార్.

అతను తగిలించాడు. సార్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చెవి వెనక చెయ్యి పెట్టబోతే హెడ్‌ఫోన్ అడ్డొచ్చింది. అయినా అలవాటు పోదుగా, "వెనక బెంచీకి వినపడుతోందా?" అన్నారు.

షాపాయన వెనక్కి తిరిగి చూశాడు. "ఏ బెంచి సార్?"

"తలుపు తెరవండి."

"ఏసీ బయటికి పోతది సార్."

"పోనివ్వండి. మా ఇంట్లో ఏసీ లేదు. మా ఇంట్లో ఎలా వినిపిస్తుందో అలా వినాలి."

తలుపు తెరవగానే సార్ ముఖం మారింది. హెడ్‌ఫోన్స్ తీసి నా తలకి పెట్టారు. హారన్లు, బళ్ళు, బస్సు మెట్టు మీద నుంచి "లక్డీకాపూల్, లక్డీకాపూల్" అంటున్న కండక్టరు, అందరూ నా చెవిలోనే ఉన్నారు.

"విన్నావా? లక్డీకాపూల్ బస్సు కూడా నా క్లాసులో చేరిపోయింది" అన్నారు సార్. "నాకు ఇంత తెలివైనవాడు వద్దండీ. పక్క క్లాసులో ఏం చెప్తున్నారో కూడా వినే రకం వీడు. నా మాట తప్ప ఇంకేమీ విననివాడు కావాలి."

షాపాయన తల గోక్కున్నాడు. అందరూ అన్నీ వినే మైకు అడుగుతారు, ఇదెక్కడి బేరమని అతని బాధ. చివరికి అద్దాల కింద నుంచి, కచేరీల్లో చేత్తో పట్టుకుని పాడే నల్లటి మైకు తీశాడు. "గిది చూడుండ్రి సార్. నోటి దగ్గర పెట్టుకొని మాట్లాడాలె. జర దూరం పోతే ఇగ వినది."

సార్ దగ్గరగా పెట్టుకుని ఒక మాట, దూరంగా పెట్టి ఒక మాట చెప్పి చూశారు. తలుపు తెరిచే ఉంది, బస్సులు పోతూనే ఉన్నాయి. ఈసారి కండక్టరు ఎక్కడో ఊరవతల నుంచి అరుస్తున్నట్టుంది. "వీడే మన ముందు బెంచీ కుర్రాడు" అన్నారు సార్. దాంతోపాటు చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్సు, ఒక స్టాండు, మైకు గొంతుని పెంచి కంప్యూటర్‌కి అందించే బుల్లి మిక్సరు తీసుకున్నాం. ప్రతిదీ డెమో అయ్యాకే. స్టాండుని కూడా వంచి, కాసేపు వదిలేసి, మెడ వాలుస్తుందేమోనని చూశారు. మేం బయటికి వస్తుంటే షాపాయన నీళ్ళు తాగుతున్నాడు.

ఇంటి దగ్గర తగిలించే పని నాది. బాపు పద్ధతిలోనే చేశాను. ముందు స్పీకర్లు పెట్టి, మిక్సరు మీద గుండీలన్నీ పూర్తిగా తిప్పి, మైకుని గోటితో టకటక కొట్టాను. కుయ్యిమని ఒక అరుపు లేచింది. వంటింట్లోంచి ఆంటీ, అంటే సార్ వాళ్ళావిడ, అట్లకాడతో పరిగెత్తుకొచ్చారు.

"ఏంటండీ, కుక్కరు పేలిందా?"

"కాదు, బల్కంపేటలో బోనాలు మొదలయ్యాయి" అన్నారు సార్. స్పీకర్లు పక్కకి తీయించారు. "మైకు విన్నది స్పీకరు చెప్తోంది, స్పీకరు చెప్పింది మళ్ళీ మైకు వింటోంది. రికార్డు చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్ చాలు. ఇంకోమాట, మైకుని కొట్టకు. నీ చెవి మీద అలా కొడితే ఊరుకుంటావా?"

మిక్సరు వైరుని కంప్యూటర్ వెనక గులాబీ రంగు కన్నంలో పెట్టాను, అక్కడ మైకు బొమ్మ ఉంది కాబట్టి. గొంతు చిరిగిన డప్పులా వచ్చింది. సార్ కంప్యూటర్ వెనకకి వంగి, క్లాసులో బోర్డు ముందు అడిగే ప్రశ్నే అడిగారు. "ఎవరు ఇస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు?" ప్రోగ్రాం రాయడంలో మేం ఎక్కడ తప్పు చేసినా ఆయన అడిగేది ఇదే.

"మైకు ఇస్తుంది సార్, కంప్యూటర్ తీస్కుంటది."

"మైకా? సరిగ్గా చూడు."

చూస్తే కంప్యూటర్‌కి ఇస్తున్నది మైకు కాదు, మిక్సరు. అది అప్పటికే గొంతు పెంచి ఇస్తోంది. గులాబీ కన్నం దాన్ని మళ్ళీ పెంచుతోంది. పెంచకుండా ఉన్నదున్నట్టు పుచ్చుకునే నీలం కన్నంలోకి మార్చాం. గుండీలు సగానికి తగ్గించాం. డప్పు పోయి సార్ గొంతు వచ్చింది. ఇంకా సన్నగా తుమ్మెద ఝుంకారంలాంటి మోత ఒకటి మిగిలింది. బాపుకి ఫోన్ చేస్తే, "అన్నిటికి ఒక్క స్విచ్చుబోర్డుల నుంచే కరెంటు తియ్యి బిడ్డ. గాడ ఒకటి, గీడ ఒకటి పెడితే గట్లనే మోగుతది" అన్నాడు. అలా చేస్తే మోత పోయింది. సార్ ఫోన్ తీసుకుని బాపుకి థాంక్స్ చెప్పి, "మీ అమ్మాయి ఫస్ట్ క్లాస్ అండీ, గట్టిగా కొట్టడం తప్ప" అన్నారు.

గదిలో మోగకుండా పరుపు తీసి కిటికీకి ఆనించాం. ఆంటీ బీరువా తలుపులు బార్లా తెరిచిపెట్టాం, చీరలు శబ్దాన్ని పీల్చుకుంటాయని. "నా పట్టుచీరలకి కూడా జావా వచ్చేసేట్టుంది" అని ఆంటీ సణిగారు గానీ వద్దనలేదు.

ఆదివారం మధ్యాహ్నం, అమీర్‌పేటంతా బిర్యానీ తిని ఒరిగిన వేళ, మొదటి పాఠం రికార్డింగు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సార్ నోరు తెరిచారు. వార్తలు చదువుతున్నట్టుంది! ఊపు లేదు, వెటకారం లేదు, ఊరి పేర్లు లేవు. మళ్ళీ చెప్పారు. ఇంకా ఘోరం. మూడోసారి పట్టుదలకి పోయి గొంతు పెంచారు. మిక్సరు మీద ఎర్రలైటు వెలిగింది, ఆయనకి దగ్గు తెర కమ్ముకొచ్చింది.

"అర్వకుండ్రి సార్! డాక్టర్ వద్దన్నడు కద!" అని నేనే అరిచాను.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసేసి, గొంతు పట్టుకుని, కిటికీకి ఆనించిన పరుపుని చూస్తూ కూర్చున్నారు. "దీనికి ముఖం లేదు బల్కంపేటా. ముఖం లేనిదానికి నేను పాఠం చెప్పలేను. ఇదే క్లాసులో వేస్తే రెండో రోజుకి బ్యాచ్ ఖాళీ." అంత గొప్ప గొంతుగల మనిషి అలా గుసగుసగా ఓడిపోయానని చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. వైర్లదైతే నేను ఏదో ఒకటి పీకి, ఇంకోటి పెట్టేదాన్ని. ఇది వైర్ల సంగతి కాదు.

అప్పుడే ఆంటీ మజ్జిగ తెచ్చారు. సార్ గ్లాసు అందుకుని, ఆవిడ ముఖంలోకి కాసేపు చూశారు.

"కూర్చో" అన్నారు.

"నేనా? నాకేం అర్థమవుతుందండీ?"

"అర్థం కాకపోతే అడుగు."

పరుపు లేని మంచం చెక్కల మీద, మైకుకి అవతల కూర్చున్నారావిడ. చెయ్యి చాపితే అందేంత దగ్గర. అరవాల్సిన పనే లేదు. సార్ చొక్కా కుడి చెయ్యి మడిచారు. నేను రికార్డు నొక్కాను. అలవాటు ప్రకారం ముందు వెనక బెంచీని అడిగి, జవాబు కోసం కాస్త ఆగారు.

"జావాలో క్లాసు అంటే ఇడ్లీ రేకు అనుకో. ఆబ్జెక్టు అంటే ఇడ్లీ" అని ఇదివరకటి పాఠం గుర్తుచేస్తూ మొదలుపెట్టారు.

"మరి రేకులో పిండి పొయ్యకపోతే?"

"క్లాసు ఉంటుంది, ఆబ్జెక్టు ఉండదు."

"ఒకే రేకులో ఎన్ని వాయిలైనా వెయ్యొచ్చుగా?"

"అదీ! అదే కదా నేను చెప్పేది!" గొంతు పెరగలేదు, ఊపు మాత్రం వచ్చేసింది. చేతులు తిరుగుతున్నాయి. ఆవిడ అడుగుతున్నారు, ఆయన చెప్తున్నారు, మధ్యలో "తెనాలీ, రాసుకుంటున్నావా?" అని గదిలో లేని వాణ్ణి కూడా కసిరారు. పాఠం అయ్యాక ఆంటీ లేచి చీర సర్దుకుంటూ, "ఇంతేనా? ఈ కాస్త దానికా ఇన్నేళ్ళు అంతలా అరిచి గొంతు పోగొట్టుకున్నారు?" అన్నారు. ఆ మాట కూడా రికార్డయింది. తీసేయనా అని అడిగితే, సార్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "ఉంచు. న్యాయమైన డౌటే" అన్నారు.

ఆ తర్వాత ఇక అడ్డు లేదు. ఆపరేషన్‌లోపు పాఠాలన్నీ పూర్తయ్యాయి. దగ్గులూ, ఫ్యాను చప్పుళ్ళూ కత్తిరించి శుభ్రం చెయ్యడం నేనే నేర్చుకున్నాను. మొదటి సీడీ సార్‌కి వినిపిస్తే, మొదట్లోనే ఆపమన్నారు.

"వెనక బెంచీకి వినపడుతోందా అన్నాక నేను ఆగాను. ఆ ఖాళీ ఏది?"

"ఏం లేకుండె సార్ అక్కడ. ఉత్తగ నిశ్శబ్దం. తీసేసిన."

"పెట్టెయ్. అది వాళ్ళది."

"సీడీకి ఎవరు జవాబిస్తరు సార్?"

"ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం. పెట్టెయ్."

సార్ చెప్పారు కదా అని పెట్టేశాను గానీ, చాదస్తమనే అనుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు తర్వాత వచ్చింది, కాస్త సన్నబడి. ఆ నెలలో మాత్రం ఒక్క మాట లేదు. ఇంట్లో పడుకుంటారనుకున్నాం. సీడీ వేసే మొదటి రోజునే, మెడకి మఫ్లరు చుట్టుకుని, ఆంటీ చెయ్యి పట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కొచ్చారు. ముందుకి రమ్మంటే తల అడ్డంగా ఊపి, నేరుగా వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు. ముందు సార్ కుర్చీ ఖాళీ. బాపు బల్కంపేట నుంచి పంపిన రెండు స్పీకర్లు బోర్డుకి అటూ ఇటూ. హాలు నిండా ఉంది, కానీ సగం మంది సంచులు ఒళ్ళోనే పెట్టుకున్నారు. నచ్చకపోతే పక్క బిల్డింగ్‌లో ఇంకో డెమో ఎలాగూ ఉంది. సీడీ పెట్టి బటన్ నొక్కాను.

"వెనక బెంచీకి వినపడుతోందా?"

సార్ గొంతే, పక్కన కూర్చుని అడిగినట్టుంది. తర్వాత ఆ ఖాళీ. అందరూ స్పీకరు పెట్టెకి జవాబివ్వడానికి సిగ్గుపడ్డారు. అయిపోయింది, పరువు పోయిందనుకున్నాను. అంతలో ఎవరో ఒకరు వెనక్కి తిరిగారు. వాణ్ణి చూసి ఇంకొకరు. హాలంతా తిరిగి చూసింది. వెనక బెంచీలో మా సార్ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని వింటున్నారు. మెల్లగా ఆ చెయ్యి తీసి పైకెత్తారు.

"వినపడుతోంది సార్!"

కిటికీలు అదిరాయి. గల్లీలో చాయ్ బండి దగ్గరివాళ్ళు తలెత్తి చూశారట. సార్ పెదవులు కదలబోయాయి, ఆంటీ గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నారు. కేక సద్దుమణగడం, స్పీకర్లలోంచి ఆయన గొంతు రావడం ఒకేసారి జరిగాయి.

"సరే. అయితే మొదలెడదాం" అంది ఆ గొంతు. ఒళ్ళో ఉన్న సంచులు ఒక్కొక్కటే కిందకి దిగాయి.